మచ్చుపెట్టె, మారుమోత

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ధాన్యం బేరగాడు బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, నలిపి చూసి ధర చెబుతాడు. ఆ గుప్పెడునే మచ్చు అంటాం. శాంప్లర్ అనే వాద్యయంత్రానికి తెలుగులో పేరు పెట్టవలసివస్తే 'మచ్చుపెట్టె' కంటే మంచిమాట నాకు దొరకలేదు. హార్మోనియాన్ని మన నాటకాలవాళ్ళు 'పెట్టె' అని చనువుగా పిలుస్తారు కదా, ఆ చనువు దీనిక్కూడా చూపించాను. నిఘంటుకారులు క్షమింతురు గాక.

నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి ఇది. 1980ల నాటి మచ్చుపెట్టె ఒకటి, అదే కాలపు డిజిటల్ ఎఫెక్ట్స్ యంత్రం ఒకటి, ఈ రెండింటినీ ఒక తీగతో కలిపి వినడం. "అవన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే వస్తున్నాయి కదా, ఈ ఇనుపసామాను ఎందుకు?" అని అడిగే మిత్రులున్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి నాకు తోచిన జవాబు కాస్త పెద్దది, పైగా అది పూర్తిగా యంత్రాల గురించినది కూడా కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మచ్చుపెట్టెల్లో పెద్దన్న ఫెయిర్‌లైట్ సీఎంఐ. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు యువకులు దాన్ని తయారుచేశారు. ఆ పేరు సిడ్నీ రేవులో తిరిగిన ఒక పడవది. నిజానికి వాళ్ళు చేయాలనుకున్నది వేరు. వాద్యధ్వనులను గణితంతో, మొదటినుంచి లెక్కకట్టి పుట్టించాలని వాళ్ళ ఆశ. ఎంత లెక్కకట్టినా పియానో పియానోలా పలకలేదు. చివరికి వోగెల్ రేడియోలో వస్తున్న ఒక పియానో వాదనంలోంచి సెకను పాటు ధ్వనిని పట్టుకుని, దాన్ని వేర్వేరు స్థాయిల్లో వినిపించి చూశాడు. అన్నాళ్ళు కట్టిన లెక్కలకంటే ఆ ఒక్క సెకను ముక్కే అసలు పియానోకు దగ్గరగా ఉంది! శాస్త్రంతో సాధించలేనిది మచ్చుతో దొరికింది. ఆ యంత్రం ఖరీదు ఇంగ్లండులో సుమారు 18,000 పౌండ్లు. పీటర్ గేబ్రియల్, కేట్ బుష్ వంటివారు కొనగలిగారు. మనబోటివాళ్ళు బొమ్మలో చూసి సంతోషించవలసిందే.

తర్వాత ధరలు దిగాయి. 1981లో కాలిఫోర్నియాకు చెందిన ఈ-ము సంస్థ ఎమ్యులేటర్‌ను, 1984లో ఎమ్యులేటర్ 2ను తెచ్చింది. ఆ 1984లోనే పెన్సిల్వేనియాలోని మాల్వెర్న్ నుంచి ఎన్సోనిక్ సంస్థ మిరాజ్ అనే పెట్టెను 1,700 డాలర్ల లోపు ధరకు అమ్మకానికి పెట్టింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన బాబ్ యానిస్, అంతకుముందు కమొడోర్ 64 కంప్యూటరులోని శబ్దపు చిప్పును రూపొందించిన మనిషి. ఆటల కంప్యూటర్లు చవగ్గా చేయడం తెలిసినవాళ్ళు వాద్యాల వీధిలోకి వస్తే ఏమవుతుందో మిరాజ్ చూపించింది. నా దగ్గరున్నది అదే.

మిరాజ్ వాడినవారికి దాని ముచ్చట్లు చెప్పనక్కరలేదు. కరెంటు పెట్టగానే పలకదు; ప్రతిసారీ ముందు ఫ్లాపీ తినిపించాలి. ముఖాన రెండంటే రెండు అంకెల గవాక్షం. ఆ అంకెలు కూడా మామూలు పదులలెక్కలో కావు, పదహార్ల లెక్కలో. తారస్వరం కాస్త తగ్గించాలంటే ఏ నెంబరు నొక్కాలో పుస్తకం చూడాలి. పుస్తకం పోయిందా, దేవుడే దిక్కు. జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. కుడిచేతి మెట్లకు సగం, ఎడమచేతి మెట్లకు సగం. క్షణానికి ముప్పైవేల చొప్పున కొలతలు తీస్తే ఒక్కో సగంలో పట్టేది రెండు సెకన్ల పైచిలుకు శబ్దం మాత్రమే.

రెండు సెకన్లతో సంగీతమా అంటే, అక్కడే ఉంది కిటుకు. మెట్టు నొక్కి పట్టుకున్నంతసేపూ స్వరం సాగాలి కనుక, మచ్చులో చివరి చిన్న ముక్కను యంత్రం మళ్ళీ మళ్ళీ తిప్పి చదువుతుంది. గానుగెద్దు లాగా. వయొలిన్ కమాను మొదటి రాపిడి నిజంగానే వినిపిస్తుంది, తర్వాత వినిపించేది ఒకే చుట్టు. ప్రాణమున్న ధ్వనిలో ఏ రెండు క్షణాలూ ఒకలా ఉండవు. చుట్టులో అన్ని క్షణాలూ ఒకటే. చెవి అర సెకనులో ఆ మోసాన్ని పట్టేస్తుంది.

రెండో లోపం కొలతది. ఎనిమిది బిట్లంటే శబ్దం ఎత్తును 256 మెట్లలో కొలవడం. గట్టి శబ్దానికి పరవాలేదు. స్వరం సన్నగిల్లుతున్నకొద్దీ అది అడుగునున్న నాలుగైదు మెట్ల మీదే నిలబడాలి, అప్పుడు పిండిలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. మూడోది అందరికీ తెలిసినదే. ఒకే మచ్చును ఒక స్థాయి పైకి తీసుకువెళితే యంత్రం దాన్ని రెట్టింపు వేగంతో చదువుతుంది. రెండు సెకన్లు ఒక సెకనవుతాయి, మనిషిగొంతు బొమ్మల సినిమాలో ఉడుతగొంతవుతుంది. ఒక మెతుకు పట్టిచూసి అన్నమంతా ఉడికిందనుకోవచ్చు గానీ, ఒక స్వరం పట్టుకుని వాద్యమంతా వాయించలేం.

ఇక రెండో పెట్టె సంగతి. నూతిలోకి వంగి కేకేస్తే తిరిగొచ్చేది మారుమోత. పెద్ద రాతిమంటపంలో చప్పట్లు కొడితే వెంటనే విడివిడిగా ఏదీ తిరిగి రాదు, వేలకొద్దీ మారుమోతలు ఒకదానిమీద ఒకటి పడి ఒక పొగలా కమ్ముకుని మెల్లగా పలచబడతాయి. దాన్ని అనురణనం అందాం. స్టూడియోల్లో దీనికోసం ఒకప్పుడు ఖాళీ గదులు కట్టేవారు, పెద్ద ఉక్కురేకులు వేలాడదీసేవారు. 1976లో బారీ బ్లెస్సర్ రూపకల్పనతో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ 250 అనే డిజిటల్ యంత్రాన్ని తెచ్చింది. ఎర్రటి రంగు, పైన గేరు కర్రల్లాంటి మీటలు. చూస్తే చలిదేశాల్లో గది వేడిచేసే పెట్టె అనుకుంటాం. 1978లో మసాచుసెట్స్ నుంచి లెక్సికాన్ 224 వచ్చింది. దాన్ని రూపొందించిన డేవిడ్ గ్రీసింజర్ భౌతికశాస్త్రం చదువుకున్న సంగీతాభిమాని. 1980ల మధ్యలో యమహా ఎస్‌పీఎక్స్90 వచ్చేసరికి ఈ విద్య సామాన్యులకూ అందింది. ఒక అలమారు అర అంత పలచటి పెట్టె, ముప్పై రకాల ప్రయోగాలు దానిలోనే ఉంటాయి, మరో అరవై మనం దాచుకోవచ్చు. ఇదీ నా దగ్గరుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటి చెప్పాలి. ఈ రెండు పెట్టెలూ ఒకే తల్లి బిడ్డలు. రెండూ శబ్దాన్ని అంకెలుగా మార్చి జ్ఞాపకంలో రాసుకుంటాయి, తర్వాత చదువుతాయి. మచ్చుపెట్టె రాసుకున్నదాన్ని అలాగే అట్టేపెట్టుకుని, అడిగినప్పుడల్లా చదువుతుంది. మారుమోతపెట్టె కొన్ని మిల్లీసెకన్లలో చదివేసి, దానిమీదే కొత్తది రాస్తుంది. ఆ రాయడం ఆపేస్తే అదీ మచ్చుపెట్టే. ఎస్‌పీఎక్స్90లో 'ఫ్రీజ్' అనే ప్రయోగం సరిగ్గా ఇదే. ఇంగ్లండులో లాంకషైర్‌కు చెందిన ఏఎంఎస్ సంస్థ చేసిన డిలే యంత్రాన్ని ఆ రోజుల్లో స్టూడియోలవాళ్ళు ఇలాగే ఆపి, డ్రమ్ముదెబ్బలను అందులో బంధించి వాడుకునేవారు. ఆనాడు జ్ఞాపకపు చిప్పులు ఖరీదు కనుక రెండింటికీ ఒకటే పొదుపు, ఒకటే పేదరికం.

ఆ పేదరికం ఒకటే కావడంవల్లనే రెంటికీ జత కుదిరిందని నా నమ్మకం. ఎమ్యులేటర్ 2 క్షణానికి 27,700 కొలతలు తీస్తుంది. కొలతల సంఖ్యలో సగానికి పైనున్న పౌనఃపున్యాలు పట్టుబడవు కనుక, పద్నాలుగు కిలోహెర్ట్జ్‌కు పైనున్న తళుకు అందులో లేనట్టే. ఎస్‌పీఎక్స్90 మారుమోత పన్నెండు కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, లెక్సికాన్ 224 అంతకంటే కిందనే. ఇప్పటి నిర్మలమైన అనురణనాన్ని పాత మచ్చుకు కలిపితే మాసిన పంచె మీద కొత్త జరీకండువా వేసినట్టుంటుంది. గరగరలు ఇంకా స్పష్టంగా పైకి తేలతాయి. పాతదానికి పాతది కలిపితే రెండూ ఒకే నీళ్ళలో ఉతికిన బట్టల్లా కలిసిపోతాయి. సన్నగిల్లే స్వరం అడుగుమెట్ల మీద తడబడే వేళకు అనురణనం పొగ దాన్ని కప్పేస్తుంది. గానుగెద్దు చుట్టుకు కూడా మందుంది. గ్రీసింజర్ తన యంత్రంలో లోపలి ఆలస్యాలను స్థిరంగా ఉంచకుండా నెమ్మదిగా కదిలించాడు, ఇనపడబ్బాలో కొట్టినట్టు మోగకుండా ఉండటానికి. చచ్చిన చుట్టును ఆ కదలిక గుండా పంపితే ఏ రెండు క్షణాలూ ఒకలా ఉండవు. ఎస్‌పీఎక్స్90లో 'సింఫనిక్' అనే ప్రయోగం ఈ పని ఇంకో దారిలో చేస్తుంది. పైగా మిరాజ్‌కు ధ్వని బయటికి వచ్చే ద్వారం ఒక్కటే. ఎస్‌పీఎక్స్90కి లోపలికి వెళ్ళే దారి ఒకటి, బయటికి వచ్చే దారులు రెండు. ఒంటికంటితో వచ్చినవాడు రెండు కళ్ళతో వెళతాడు.

"మరి మచ్చు తీసేటప్పుడే మంచి హాల్లో తీస్తే సరిపోదా, మారుమోత కూడా అందులోనే వచ్చేస్తుంది కదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. సరిపోదు. కారణం వినడానికి సరదాగా ఉంటుంది. మచ్చును ఒక స్థాయి పైకి వాయిస్తే స్వరంతోపాటు దానిలో ఉన్న హాలు కూడా రెట్టింపు వేగంతో పోతుంది. రెండు సెకన్లు మోగే హాలు ఒక్క సెకనే మోగుతుంది. అంటే మెట్టుమెట్టుకూ గోడలు దగ్గరికి జరిగిపోతున్నాయన్నమాట! ఫెయిర్‌లైట్‌తో వచ్చిన ఫ్లాపీల్లో స్ట్రావిన్‌స్కీ 1910 నాటి 'ఫైర్‌బర్డ్' బాలేలోంచి తీసిన వాద్యబృందపు దెబ్బ ఒకటి ఉండేది. 1982లో ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' నుంచి మొదలుపెట్టి ఆ దశాబ్దమంతా ఎందరు వాడారో లెక్కలేదు. ఆ ఒక్క దెబ్బలో పెద్ద బృందమూ, అది కూర్చున్న హాలూ కలిసి ఉన్నాయి. కింది మెట్టు మీద అది గుహ, పై మెట్టు మీద అగ్గిపెట్టె. ఆ వికృతే అందం అనుకుంటే సరే. వాద్యం వాద్యంలా పలకాలంటే మాత్రం మచ్చును పొడిగా తీసుకోవాలి, హాలును తర్వాత కట్టుకోవాలి.

ఏ హాలు కట్టుకోవాలి? ఈ ప్రశ్న నాకు తట్టేలా చేసింది మా పెదనాన్నగారు.

ఆయన తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. 2003లో పెన్సిల్వేనియాలో మా ఇంటికి వచ్చి మూడునెలలున్నారు. మిరాజ్ పుట్టిన మాల్వెర్న్ మాకు గంట ప్రయాణం. అది ఆయనకు చెబితే, "అయితే దీనిదీ ఈ ఊరే అన్నమాట" అని పెట్టెను ఆప్యాయంగా తట్టారు. మా ఊరి గుళ్ళో ఉన్న చేతి హార్మోనియం అడిగి తెచ్చి, ఆయనచేత అయిదు స్వరాలు పలికించి మచ్చులు తీశాను. తిత్తి ఊపిరి సమంగా ఉండాలని ఒక్కొక్కటి పదేసిసార్లు వాయించారు. "ఐదు మెట్లు తీసుకుని పెట్టంతా వాయిస్తావట్రా? బానే ఉంది నీ కాపీనం!" అని నవ్వారు.

తర్వాత ఆ మచ్చుకు ఎస్‌పీఎక్స్90లోని 'హాల్' కలిపి వినిపించాను. నా చెవికి దివ్యంగా ఉంది. ఆయన చాలాసేపు విన్నారు.

"ఇదెక్కడిదిరా? చర్చిలో పెట్టి వాయించినట్టుందే?"

"పెద్ద హాలు పెదనాన్నా. బాగుంటుందని."

"బాగానే ఉంది. కానీ ఇది నా పెట్టె కాదు. మేం పందిట్లో వాయించాం, ఆరుబయట వాయించాం. అక్కడ శబ్దం పోతే పోయిందంతే, తిరిగి రాదు. తిరిగి రాదు కాబట్టే పెట్టె అంత గట్టిగా తొక్కేవాళ్ళం. నటుడు రాగం అంతసేపు తియ్యడం ఎందుకనుకున్నావు? ఆపాడంటే నిశ్శబ్దమేగా!"

పద్యం చివర రాగాలాపన అంత దీర్ఘంగా సాగడానికి గాలిలో కలిసిపోయే శబ్దం ఎంతవరకు కారణమో, వన్స్‌మోర్ల మోజు ఎంతవరకు కారణమో పండితులు తేల్చాలి. ఆయన మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ యంత్రాల్లో 'హాల్' అని రాసి ఉంటే అది ప్రపంచంలోని హాలన్నింటికీ పేరనుకుంటాం. అది ఒక సంగీతానికి అలవాటైన హాలు. బోస్టన్‌లో 1900లో తెరిచిన సింఫనీ హాలుకు వాలస్ సబీన్ అనే హార్వర్డు ఆచార్యుడు లెక్కకట్టి ఇచ్చాడు. జనం నిండుగా ఉన్నప్పుడు అందులో అనురణనం రెండు సెకన్లకు కాస్త తక్కువ. ఎవరో ఒకరు గోడలు కట్టి, కొలిచి, ఇది మంచిదని ఒప్పుకున్నాక అది యంత్రంలో ఒక మీట అవుతుంది. తాటాకు పందిరిని ఎవరు కొలిచారు?

మర్నాడు కూర్చుని 'హాల్' తీసేశాం. 'ఎర్లీ రిఫ్లెక్షన్' అనే ప్రయోగం ఉంది. గోడలకు తగిలి మొదట వచ్చే మారుమోతలను మాత్రం ఇచ్చి, పొగను వదిలేస్తుంది. పందిరికి గోడల్లేవు. వెనక తెర బట్టది, పైన ఆకు. రెండూ శబ్దాన్ని తాగేవే. తిరిగొచ్చేదేదైనా ఉంటే అది నేలనుంచి, వేదిక చెక్కలనుంచి, ఒక పక్కనున్న బడి గోడనుంచి. వాటి వరకే ఉంచి, పై పౌనఃపున్యాలు ఇంకా కోసేశాను. ఆయన విన్నారు.

"ఇప్పుడు నయం. కానీ జనం లేరు."

హాస్యమనుకున్నాను. కాదు. సబీన్ చేసిన తొలి ప్రయోగాలు సరిగ్గా ఇవే. 1895 తర్వాత, రాత్రివేళ ఖాళీ గదుల్లోకి పక్కనున్న నాటకశాల కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో గడియారం పెట్టి కొలిచాడు. మనిషి కూడా శబ్దాన్ని తాగుతాడని, ఒక్కొక్కడూ ఎంత తాగుతాడో లెక్కకట్టాడు. పెదనాన్నగారు ఏ మెత్తలూ మోయకుండా అదే చెప్పారు. జనాన్ని యంత్రంలో పెట్టే మీట లేదు. మోత మట్టాన్ని మరికొంత తగ్గించి, అంతటితో ఊరుకున్నాం.

నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను. హార్మోనియమే ఐరోపానుంచి వచ్చి తెనాలి పందిట్లో కూర్చోగా లేనిది, తెనాలి స్వరం బోస్టన్ హాల్లో ఎందుకు కూర్చోకూడదు? ఆ మాట ఆయనతోనూ అన్నాను. "కూర్చోనీ, నేనొద్దన్నానా? ఇది నాదేనని మాత్రం చెప్పకు" అన్నారు.

ఆయన 2011లో పోయారు. 2019లో నా ఫ్లాపీలన్నీ మెమరీకార్డు మీదకి ఎక్కించుకుందామని కూర్చున్నాను. ఈ పాతపెట్టెల ఫ్లాపీ డ్రైవు స్థానంలో అమరే చిన్న పరికరాలు ఇప్పుడు చవగ్గానే దొరుకుతాయి. పూతపొర రాలిపోయి, హార్మోనియం ఫ్లాపీలో అయిదు మచ్చులకు రెండే చదవడానికి వచ్చాయి. రెండూ మంద్రస్థాయివి. పైమెట్లు పలకాలంటే ఆ రెండింటినే సాగదీసి వాయించాలి. వాయిస్తే పలుకుతుంది. పైకి వెళ్ళేకొద్దీ తిత్తి ఊపిరి ఆయాసపడుతున్నట్టు వేగమవుతుంది. 'హాల్' కలిపితే ఆ ఆయాసం తెలియదు, పొగ కప్పేస్తుంది. పందిరిలో పెడితే తేటతెల్లంగా తెలుస్తుంది. ఏది ఉంచాలో నేను చాలారోజులు తేల్చుకోలేకపోయాను. చివరకు పైమెట్లు వాయించడం మానేశాను. ఆ రెండు మచ్చుల చుట్టూ నాలుగైదు స్వరాల మేర, శ్రుతిలాగా పట్టి ఉంచి వింటాను.

మారుమోతపెట్టెలో మనం దాచుకున్న కూర్పులు లోపలున్న చిన్న బిళ్ళబ్యాటరీ మీద బతుకుతాయి. ఏ బ్యాటరీ ఎల్లకాలం ఉండదు కనుక, ఆనాటి పందిరి కూర్పులోని అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

ఈ మధ్య పెదనాన్నగారి మనవడు, హైదరాబాదులో సినిమాలకు ధ్వని పని నేర్చుకుంటున్న కుర్రవాడు, "తాతగారి హార్మోనియం మీ దగ్గర ఉందటగా బాబాయ్, పంపిస్తారా?" అని అడిగాడు. హాలుతో పంపాలా, పందిరితో పంపాలా అని ఒకపూట ఆలోచించి, రెండు మచ్చులనూ పొడిగా, గరగరలతో సహా, ఉన్నవి ఉన్నట్టు పంపాను. నోటుపుస్తకంలోని ఆ పుట కూడా ఫోటో తీసి జతచేశాను. చేరిందని జవాబిచ్చాడు. ఇంకా విననట్టున్నాడు.